చల్లగా ఉండకూడని కాలు

స్టేడియం మెట్ల కింద ఉన్న స్టోర్ గది తలుపు మీద పిచ్చుక వేసిన చెయ్యి అలాగే ఉంది. తలుపు ఇంకా తట్టలేదు. పోయినవారం మనం పిచ్చుకనీ వాళ్ళమ్మనీ వదిలింది అక్కడే.

పొద్దున క్వాలిఫయింగ్ పోటీకి కాసేపు ముందు ఆమె ఐస్ డబ్బా మాయమైంది. ఆమె అక్క భర్త, జిమ్నాస్టిక్స్ జట్టుకి ఫిజియో అయిన బావ స్టేడియం అంతా గాలించాడు. డబ్బా దొరకలేదు. బెణికిన కుడి చీలమండకి మంచు ముక్క కూడా తగలకుండానే, పళ్ళు బిగబట్టి బ్యాలెన్స్ బీమ్ ఎక్కింది పిచ్చుక. ఎలా నిలబడిందో ఆమెకే తెలియదు. ఫైనల్‌కి మాత్రం చేరింది. ఆ ఫైనల్ ఈ సాయంత్రమే. గెలిస్తే జాతీయ జట్టులో చోటు. ఓడితే, పోయినేడు మణికట్టు విరగ్గొట్టుకుని ఇంట్లో కూర్చున్నట్టే మళ్ళీ కూర్చోవాలి.

దొంగ ఎవరన్నది అమ్మ చెప్పింది. పిచ్చుక డ్రెస్సుకి హుక్కు కుడుతూ తెర వెనక కూర్చున్న అమ్మ, తెరకి అవతల పాత కోచ్ జడక్క ఫోన్‌లో అన్న మాట చెవులారా వింది.

"ఆ పిల్ల కాలు చల్లగా ఉండకూడదు. ఎలా చేస్తావో నాకు తెలీదు."

అమ్మ టైలరు. మెడలో కొలతల టేపు, నోట్లో గుండుసూదులు లేకుండా ఆమెని చూసినవాళ్ళు తక్కువ.

"నోట్లో సూదులుండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అక్కడే కడిగేద్దును" అంది అమ్మ ఇప్పుడు, తలుపు ముందు. "ముందు చీఫ్ జడ్జి దగ్గరికి పోదాం పద. దాన్ని స్టేడియంలోంచి బయటికి పంపించాకే నీ ఫైనల్."

"ఒక్కసారి మొహం మీద అడగనీ అమ్మా. తర్వాత నీ ఇష్టం."

పిచ్చుక తలుపు తోసింది.

గదిలో మడిచిపెట్టిన చాపలు గోడ ఎత్తున ఉన్నాయి. చేతులకి రాసుకునే తెల్ల పొడి వాసన. మూలనున్న ప్లాస్టిక్ టబ్బులో ఐస్ ముక్కల మధ్య నీళ్ళ సీసాలు మెడదాకా మునిగి ఉన్నాయి. ఒక చాప మీద కూర్చుని, తన శిష్యురాలి చేతిపట్టీలని విప్పి మళ్ళీ చుడుతోంది జడక్క.

ఒకప్పుడు నడుము దాటే జడని తలచుట్టూ బిగించి బీమ్ ఎక్కే ఛాంపియన్ ఆవిడ. ఇప్పుడు జుట్టు చెవుల పైకి కత్తిరించుకుంది. జడ పోయినా జడక్క మిగిలింది. పిచ్చుకకి బీమ్ మీద మొదటి అడుగు నేర్పింది ఆవిడే. ఆ పేరు పెట్టిందీ ఆవిడే. మూడేళ్ళ క్రితం పిచ్చుక ఆ జట్టు వదిలి బావ పనిచేసే జట్టులోకి వెళ్ళాక ఇద్దరికీ మాటల్లేవు. ఈ సాయంత్రం పిచ్చుకకి అసలు పోటీ జడక్క శిష్యురాలే.

"కూర్చో" అంది జడక్క తలెత్తకుండా. "ఆ కాలి మీద ఊరికే నిలబడకు."

"నా కాలి గురించి మీకెందుకు మేడమ్?"

మేడమ్ అన్న మాట విని జడక్క చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ పట్టీ చుట్టడం మొదలుపెట్టాయి.

"ఐస్ డబ్బా ఎవరితో తీయించారు?"

"తీయించాను. నిజమే."

పిచ్చుక ఆ జవాబు ఊహించలేదు. కాదంటుందని, బుకాయిస్తుందని, అరుస్తుందని అనుకుంది. వాటన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకొచ్చింది. దీనికి మాత్రం ఆమె దగ్గర ఏమీ లేదు.

అమ్మ దగ్గర ఉంది.

"ఏమ్మా, పదేళ్ళు నీ చేతుల్లో పెరిగిన పిల్ల అది. చిన్నపిల్లని చూస్తే ఎవరైనా చల్లగా ఉండమ్మా అంటారు. పగవాళ్ళ పిల్లయినా అంటారు. చల్లగా ఉండకూడదని ఫోన్ చేసి మరీ చెప్పినదాన్ని నిన్నే చూశాను."

జడక్క మొహంలో ఏమీ అర్థం కానట్టు కనిపించింది. తర్వాత అర్థమైంది. చేతిలోని పట్టీ ఒళ్ళో పడిపోయింది.

"అయ్యో అమ్మా. నేను శపించాననుకున్నారా?"

"మరి దీవెన అనుకోమంటావా?"

"చల్లగా అంటే చల్లగానే అన్నాను. ఇదిగో, ఈ టబ్బులో నీళ్ళలాగా." జడక్కకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే రెండు చేతులూ జోడించింది. "నా నోరు తగలెయ్య. ఆ మాటకి అంత అర్థముందని నాకు తట్టనేలేదు. ఐస్ పెట్టిన కాలితో పిల్ల బీమ్ ఎక్కకూడదని చెప్పానమ్మా. అంతే."

"ఐస్ పెట్టుకుంటే ఏమవుతుంది? మంచిదేగా. అందరూ పెట్టుకుంటారు" అంది అమ్మ. గొంతులో పదును మాత్రం కాస్త తగ్గింది.

"చెబితే నమ్మరు. చూపిస్తాను." జడక్క లేచింది. నేల మీద తెల్ల టేపు ఒక జానెడు అతికించింది. "పిచ్చుకా, షూస్ తియ్. ఎడమ కాలి మీద నిలబడు. బాగున్న కాలే. కళ్ళు మూసుకో."

పిచ్చుక కదల్లేదు.

"మొహం మీద అడుగుతానని వచ్చావుగా. జవాబు కూడా మొహం మీదే వినాలి మరి."

ఆ గొంతుకి లొంగడం పిచ్చుకకి చిన్నప్పటి నుంచీ అలవాటు. షూస్ తీసింది. టేపు మీద ఎడమ పాదం పెట్టి, కుడి కాలు మడిచి, కళ్ళు మూసుకుంది. కుదురుగా నిలబడింది. పడుకున్నా అలా కదలకుండా ఉండలేదేమో అనిపించేటంత కుదురుగా.

"చాలు. ఇప్పుడు ఆ కాలు టబ్బులో పెట్టు."

ఐస్ ముక్కల్లోకి పాదం దిగగానే పిచ్చుక భుజాలు పైకి లేచాయి. మొదట మంట. తర్వాత లోపలెక్కడో నొప్పి. ఆ తర్వాత ఏమీ లేదు. ఈ దారి ఆమెకి బాగా తెలుసు. ఆ చివరి స్థితి కోసమేగా పోటీకి ముందు అందరూ ఐస్ పెట్టుకునేది.

ఐస్ తన పని చేస్తున్నంతసేపూ జడక్క మాట్లాడింది.

"కాలు నొప్పిని ఒక్కదాన్నే మొయ్యదు. కబుర్లు కూడా మోస్తుంది. బీమ్ అంచు ఎక్కడుంది, ఒళ్ళు ఎటు ఒరుగుతోంది, ఏ వేలు నొక్కాలి. నువ్వు చూసి తెలుసుకునేవి కావవి. చీలమండ చెబుతుంది. ఐస్ పెడితే నొప్పి కబురు ఆగుతుంది. దాంతోపాటు మిగతా కబుర్లూ మందగిస్తాయి."

"అంటే, అప్పులవాడి ఉత్తరం రాకుండా చెయ్యబోయి తపాలా మొత్తం ఆపేసుకున్నట్టు" అంది అమ్మ.

"అచ్చం అంతేనమ్మా. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను గానీ ఈ మాట నాకు దొరకలేదు."

అమ్మ ఆ పొగడ్తని మొహంలో కనపడనివ్వలేదు. కొలతల టేపు మాత్రం మెడలో ఒకసారి సర్దుకుంది.

"అందరికీ ఇలాగే అవుతుందా?" అడిగింది పిచ్చుక.

"లేదు. కొందరికి తేడానే తెలీదు. కాసేపు నడిచి ఒళ్ళు వెచ్చబెట్టుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. పోటీ అయ్యాక ఎంతసేపు పెట్టుకున్నా నేను అడగను. కానీ ఐస్ తీసిన కాలితో తిన్నగా వెళ్ళి అరచేయంత వెడల్పు బీమ్ ఎక్కడం నీకు పడదు. నిన్ను పడేస్తుంది. ఇక బయటికి తీసి తుడుచుకో. మళ్ళీ నిలబడు."

పిచ్చుక టేపు మీద పాదం పెట్టింది. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ బాగానే ఉంది. మూసింది.

నేల పోయింది.

పోలేదు, అక్కడే ఉంది. కానీ పాదం ఆ సంగతి చెప్పడం మానేసింది. తాను నిటారుగానే ఉన్నానని పిచ్చుక ప్రమాణం చేసి చెప్పగలదు. ఆ నమ్మకంలో ఉండగానే అమ్మ చేతులు ఆమె నడుముని పట్టుకున్నాయి. కళ్ళు తెరిచేసరికి సగం ఒరిగిపోయి అమ్మ భుజం మీద ఉంది.

"ఎప్పుడు పడ్డాను?"

"అదే నేను పోయినేడు నీ వీడియో చూసి నాలో నేను వేసుకున్న ప్రశ్న" అంది జడక్క.

ఈసారి ఆవిడ గొంతులో నవ్వు లేదు.

"నువ్వు తిరుగుతున్నావు. తిరిగి వచ్చేటప్పుడు పాదం సగం బీమ్ మీద, సగం గాలిలో దిగింది. పడేవాళ్ళకి ముందే తెలుస్తుంది. మొహం చెబుతుంది. నీ మొహంలో భయం లేదు. చెయ్యి నేలకి తగిలేదాకా నువ్వు హాయిగా ఉన్నావు. కాలికి తెలియలేదు కాబట్టి మొహానికీ తెలియలేదు. అది చూడగానే అర్థమైంది నాకు, ఐస్ పెట్టుకుని ఎక్కావని. ఎందుకంటే నా ఆఖరి పోటీ వీడియోలో నా మొహమూ అలాగే ఉంటుంది."



పిచ్చుక మెల్లగా చాప మీద కూర్చుంది. ఏడాది. ఆ పతనం తన తప్పేనని ఏడాది పొడుగునా తనని తాను తిట్టుకుంది. రాత్రుళ్ళు పక్క మీద పడుకుని ఆ మలుపుని మళ్ళీ మళ్ళీ తిరిగింది. చెయ్యి అతికింది గానీ, తన మీద తనకి నమ్మకం అతకలేదు. తప్పు తనది కాదని చెప్పిన మొదటి మనిషి, అమ్మ బయటికి పంపించాలనుకున్న మనిషే.

"మరి నాకే చెప్పొచ్చుగా" అంది.

"నేను వద్దంటే వినేదానివా? ఇంకో రెండు ముక్కలు ఎక్కువ పెట్టుకునేదానివి."

అది నిజం. పిచ్చుక తల దించుకుంది.

"సాయంత్రం నేను పడితే మీ పిల్ల గెలుస్తుంది కదా."

"నా పిల్ల గెలవాలి. గెలుస్తుంది కూడా, చూస్తూ ఉండు. కానీ గెలిస్తే నీ మీద గెలవాలి. నీ ఐస్ ముక్క మీద కాదు." జడక్క ఒళ్ళో పడిన పట్టీ తీసుకుని మళ్ళీ చుట్టసాగింది. "ఇంకో సంగతి. మొదటి అడుగు నేర్పినదాన్ని. నువ్వు పడితే ఆ చప్పుడు నాక్కూడా వినిపిస్తుంది."

పిచ్చుక లేచి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. చిన్నప్పుడు పట్టీలు కట్టించుకోవడానికి అలాగే కూర్చునేది.

"థాంక్స్ జడక్కా."

"హమ్మయ్య, మేడమ్ పోయింది" అంది జడక్క. కళ్ళు మాత్రం పట్టీ మీద నుంచి తియ్యలేదు. "కాలు రుద్దుకో. కాసేపట్లో స్పర్శ వచ్చేస్తుంది. ఇటూ అటూ నడుస్తూ ఉండు. కుడి కాలికి గట్టిగా పట్టీ వేసుకో, నొప్పి కొంచెం భరించు. ఆ నొప్పి నీ పక్షమే."

అమ్మ గొంతు సవరించుకుంది. ఒకరికి క్షమాపణ చెప్పడం అమ్మకి అలవాటు లేని పని. అందుకని జడక్క ట్రాక్‌సూట్ జాకెట్టు మోచెయ్యి దగ్గర విడిపోయిన కుట్టు మీద చెయ్యి వేసింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఇలా వేలాడుతోంది? విప్పి ఇటివ్వు. రెండు నిమిషాల పని."

జడక్క జాకెట్టు విప్పి ఇచ్చింది. అమ్మ కాలరు మడతలోంచి సూది తీసింది.

"ఇంతకీ ఫోన్ ఎవరికి చేశావమ్మా? డబ్బా తీసిందెవరు?"

"మీ పెద్దమ్మాయే."

అమ్మ చేతిలో సూది ఆగిపోయింది. పిచ్చుక తలెత్తింది.

"అక్కా?"

"ఇంకెవరిని అడగను? ఇలా ఇలా అమ్మా, మీ ఆయనకి చెప్పు, పోటీకి ముందు ఐస్ పెట్టొద్దని, అన్నాను. ఆయనకి చెప్పి లాభం లేదక్కా, నేనే చూసుకుంటాను అంది. చెప్పినట్టే చూసుకుంది."

"లాభం లేదా? ఎందుకు?"

"ఏమో. మొగుళ్ళకి చెప్పి లాభం లేని సంగతులు సవాలక్ష ఉంటాయి. నేను అడగలేదు."

బావ గుర్తొచ్చి పిచ్చుకకి జాలేసింది. పోయినేడు ఆ రోజు ఐస్ పెట్టింది బావే. పడ్డాక చేతుల మీద మోసుకుని పరుగెత్తింది బావే. ఏడాదిగా రోజూ పొద్దున్నే వచ్చి మణికట్టుకి కసరత్తు చేయించిందీ ఆయనే. తాను పెట్టిన ఐసే తనని పడేసిందని తెలిస్తే ఆ మనిషి ఏమైపోతాడు?

"బావకి ఈ సంగతి తెలీదు జడక్కా. తెలిస్తే పెట్టేవాడు కాదు."

"అయ్యుండొచ్చు. చాలామందికి తెలీదు. చెప్పేటప్పుడు కాస్త మెత్తగా చెప్పు."

"ముందు అక్కకి థాంక్స్ చెప్పాలి." పిచ్చుక ఫోన్ తీసింది. పొద్దున పోటీ అయిన దగ్గర నుంచి అక్క కనపడలేదు. జనంలో ఎక్కడో కూర్చుని ఉంటుందనుకుంది. డబ్బా దాచి, తిట్లు పడతాయని ఎక్కడో నక్కి ఉంటుంది పిచ్చిది. చిన్నప్పుడు పిచ్చుక చేసిన అల్లరికి అక్క దెబ్బలు తినేది. ఇప్పటికీ మారలేదు. దొరికితే గట్టిగా వాటేసుకోవాలి.

ఫోన్ మోగింది.

చెవి దగ్గర ఒక మోత. తలుపు అవతల ఇంకో మోత. అక్క ఫోన్‌కి పెట్టుకున్న అదే పాట, మెట్ల మీద నుంచి దగ్గరికి వస్తోంది.

"ఇదిగో, నూరేళ్ళ ఆయుష్షు" అంది అమ్మ నవ్వుతూ.

పిచ్చుక కుంటుకుంటూ వెళ్ళి తలుపు తీసింది.

గుమ్మంలో బావ ఉన్నాడు. ఒక చేతిలో మోగుతున్న అక్క ఫోన్. ఇంకో చేతిలో ఐస్ నింపిన సంచి.

"ఇక్కడున్నారా అందరూ? స్టేడియం అంతా వెతుకుతున్నాను." ఎప్పటి నవ్వే, ఎప్పటి గొంతే. ఫోన్ ఆపి జేబులో వేసుకున్నాడు. "మీ అక్క ఫోన్ నా బ్యాగులో మర్చిపోయింది. పోనీలే, ఐస్ మాత్రం దొరికింది. ఈసారి ఎవరూ ఎత్తుకుపోకుండా చేత్తోనే పట్టుకు తిరుగుతున్నాను. రా, కూర్చో."

"బావా, నీతో ఒక మాట చెప్పాలి" అంది పిచ్చుక. మెత్తగా ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటోంది.

బావ గదిలోకి వచ్చాడు. టబ్బు చూశాడు. చుట్టూ నీళ్ళు చూశాడు. పిచ్చుక ఎర్రబారిన ఎడమ పాదం చూశాడు. నేల మీద జానెడు తెల్ల టేపు చూశాడు.

"బాగున్న కాలితో చేయించారా? మంచి పని" అన్నాడు జడక్క వైపు తిరిగి, ఒక పనివాడు ఇంకో పనివాడితో అన్నట్టు. "కళ్ళు మూసుకున్నాక ఎటు తూలింది?"



సంచి అడుగు నుంచి ఒక చుక్క నేల మీద పడింది. ఇంకో చుక్క పడింది.

జాకెట్టు కుట్టడం ఆపి అమ్మే ముందు నోరు తెరిచింది. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"కళ్ళు మూసుకుందని నీకెవరు చెప్పారు బాబూ?"

బావ నవ్వు పెదాల మీదే ఉంది. కళ్ళు మాత్రం ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి పిచ్చుక దగ్గర ఆగాయి. వెనక్కి చెయ్యి చాపి తలుపు దగ్గరగా వేశాడు.

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం అత్తయ్యగారూ. టైమవుతోంది. ముందు ఆ కుడి కాలు ఇలా ఇవ్వు పిచ్చుకా. చల్లగా ఉండాలి."

పిచ్చుక కాలు ఇవ్వలేదు. ఐస్ పెట్టిన కాలు ఏం చేస్తుందో బావకి ముందే తెలుసు. ఎడమ పాదంలో ఇంకా స్పర్శ రాలేదు. బరువంతా బెణికిన కుడి కాలి మీదికి మార్చింది. చీలమండలో నొప్పి భగ్గుమంది. నేల ఎక్కడుందో, తాను ఎక్కడుందో ఆ నొప్పి స్పష్టంగా చెప్పింది. మనసులోనే దానికి దండం పెట్టుకుని, ఆ కాలి మీదే తిన్నగా నిలబడింది.

"అక్క ఎక్కడ బావా?"